మాటల ముచ్చట: తడిమి చూసేవాడే జాసూస్

పోయిన నెల ఈ శీర్షికలో సలామ్, షలోమ్ గురించి రాస్తూ చివర్లో ఒక్క లైన్ వేశాను, గుర్తుందా, "అరామిక్ భాషలో గూఢచారిని గాషోషా అంటారు, మన హైదరాబాద్ జాసూస్‌కి అది దగ్గర చుట్టం" అని. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపి ఈసారి మొత్తం ఈ ఒక్క మాటకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా వీధిలో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఎక్కువ. పక్కింటి సంగతులు ఎవరైనా ఆరా తీస్తుంటే "జాసూసీ కర్‌రా క్యా" అంటారు. నేను ఇన్నాళ్ళూ ఇది అరబ్బీ మాట అనుకున్నాను, మీరేమో అరామిక్ అన్నారు. ఇంతకీ ఏది నిజం, ఆ మాటకి అసలు అర్థం ఏంటి? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు అనుకున్నదీ నిజమే. ఉర్దూలోకి అది ఫారసీ మీదుగా అరబ్బీ నుంచే వచ్చింది, అదే మాట టర్కీ వెళ్ళి జాసుస్ అయింది, ఆఫ్రికాలో స్వాహిలీ వాళ్ళ దగ్గర జాసూసి అయింది. కానీ అరబ్బీకి వెనక ఇంకో మెట్టు ఉంది, నాకు ఇష్టమైన మెట్టు అదే.

ముందు అర్థం సంగతి చూద్దాం. అరబ్బీ, అరామిక్, హెబ్రీ ఒకే కుటుంబం భాషలు, వీటిలో మాటకి మూడు హల్లులు ఎముకల గూడులాగా ఉంటాయని పోయినసారి చెప్పుకున్నాం కదా. జాసూస్‌లో ఉన్నది జ-స-స. దీనికి మొదటి అర్థం గూఢచర్యం కాదు, చేత్తో తాకి చూడటం, తడమటం. అరబ్బీలో వైద్యుడు రోగి నాడి పట్టుకుని చూడటానికి కూడా ఇదే క్రియ వాడతారు, మణికట్టు దగ్గర వేళ్ళు పెట్టే చోటుకి పేరు మజస్స్. నా చిన్నప్పుడు మా పేటలో ఒక పెద్ద హకీంగారు ఉండేవారు, ఆయన కళ్ళు మూసుకుని మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించి చాలాసేపు అలాగే కూర్చునేవారు, అప్పుడు గదిలో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు, లోపల కనపడకుండా జరిగేదాన్ని ఆయన పైనుంచి వేలి కొసలతో పట్టుకునేవారు. జాసూస్ అన్న మాట ఎలా పుట్టిందో అర్థం కావాలంటే నాకు ఆయన వేళ్ళే గుర్తొస్తాయి. మనం కూడా అంటాం కదా, "జనం నాడి పట్టాడు" అని, అదే ఆలోచన.

ఇప్పుడు అరామిక్ వైపు రండి. అరామిక్‌లో ఇదే గూడు గ-ష-ష. అక్కడ గ ఉన్న చోట అరబ్బీలో జ వస్తుంది, ఒంటె అరామిక్‌లో గమ్లా, అరబ్బీలో జమల్. అక్కడ ష ఉంటే ఇక్కడ తరచుగా స వస్తుంది, ష్లామా సలామ్ అయినట్టు, నాలుకకీ భాషకీ వాడే లిషానా అరబ్బీలో లిసాన్ అయినట్టు. అంటే గ-ష-ష, జ-స-స రెండూ ఒక తల్లి పిల్లలు, దాంట్లో గొడవేమీ లేదు.

మరి అరామిక్ నుంచి అరబ్బీలోకి వచ్చిందని ఎందుకంటారంటే, మాట అచ్చు చూసి (ఇక్కడ అచ్చు అంటే మూస, అచ్చులు హల్లుల్లో అచ్చు కాదు). అరామిక్ శాఖల్లో ఒకటైన సిరియాక్‌లో, చేసేవాడిని చెప్పడానికి మొదటి హల్లు తర్వాత ఆ, రెండో హల్లు తర్వాత ఓ పెట్టి చివర ఆ తగిలించే ఒక అచ్చు ఉంది. గ-ష-ష దాంట్లో పోస్తే గాషోషా. కాపలావాడు నాటోరా. చర్చిలో ప్రార్థనకి పిలవడానికి కొట్టే చెక్క నాకోషా, కొట్టడం అనే ధాతువు నుంచి వచ్చింది. ఇప్పుడు అరబ్బీ చూడండి, కాపలావాడు నాతూర్, ఆ చెక్క నాకూస్, గూఢచారి జాసూస్. మూడింటికీ ఒకే మార్పు, చివరి ఆ రాలిపోయింది, ఓ కాస్తా ఊ అయింది, ష ఉన్న చోట స అయింది. అరబ్బీలో చేసేవాడిని చెప్పే సొంత అచ్చులు వేరే ఉన్నాయి, కాతిబ్, హాకిమ్, ఖాజీ అని మనకి తెలిసినవే, ఈ ఊ-కారం అచ్చులో దొరికే పాత మాటలు చాలావరకు సిరియాక్ మాట్లాడే క్రైస్తవుల దగ్గర నుంచి వచ్చినవే. అందుకే చాలామంది పండితులు జాసూస్‌ని కూడా ఆ గుంపులోనే వేస్తారు. నేనూ వాళ్ళ పక్షమే, నాకోషా-నాకూస్ జంట పక్కన పెట్టి చూశాక ఇంకోలా అనుకోబుద్ధి కాలేదు.

ప్రశ్న: నేను సండే స్కూల్ పిల్లలకి పాఠాలు చెప్తాను. ఏసుప్రభువు మాట్లాడింది అరామిక్ కదా, మరి గాషోషా అన్న మాట ఆయన నోట వచ్చిందా? మన బైబిల్లో "వేగులవారు" అని ఉన్న చోటల్లా ఇదే మాటా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పిల్లలకి చెప్పేటప్పుడు ఈ తేడా దయచేసి చెప్పండమ్మా. ఆయన మాట్లాడింది గలిలయ ప్రాంతపు అరామిక్. గాషోషా మనకి కనిపించేది సిరియాక్ బైబిల్లో, దాన్ని పెషిత్తా అంటారు. సిరియాక్ ఎదెస్సా పట్టణం వాళ్ళ అరామిక్, ఆ ఊరు ఇప్పుడు టర్కీలో ఉర్ఫా అనే పేరుతో ఉంది. శ్రీకాకుళం తెలుగూ చిత్తూరు తెలుగూ ఎంత దూరమో అంతకంటే ఎక్కువ దూరమే అనుకోండి. పైగా సువార్తలు మనకి అందింది గ్రీకులో, అందులోంచి తర్వాత కాలంలో సిరియాక్‌లోకి అనువదించారు. కాబట్టి ఇది ప్రభువు పలికిన మాట అని చెప్పకూడదు, ఆయన భాషకి చెల్లెలు లాంటి భాషలో ఆయన కథ రాసుకున్నవాళ్ళు వాడిన మాట అని చెప్పండి, అది చాలు, అదే గొప్ప సంగతి.

ఎందుకు గొప్పో చెప్తాను. లూకా సువార్త 20వ అధ్యాయం 20వ వచనం తీయండి. నీతిమంతుల్లా వేషం వేసుకుని ఏసుని మాటల్లో ఇరికించడానికి వచ్చిన వేగులవాళ్ళ సంగతి అక్కడుంది. గ్రీకులో ఆ మాటకి అర్థం చాటుగా పెట్టిన మనుషులు, పొంచి ఉండేవాళ్ళు అని. సిరియాక్ అనువాదకుడు అక్కడ గాషోషే అని పెట్టాడు, గాషోషాకి బహువచనం. ఇప్పుడు నాలుగు అధ్యాయాలు దాటి 24వ అధ్యాయం 39వ వచనానికి రండి. పునరుత్థానం తర్వాత శిష్యులు భయపడి భూతం అనుకుంటుంటే ప్రభువు నా చేతులు చూడండి, నా పాదాలు చూడండి, నన్ను పట్టి చూడండి అంటాడే, సిరియాక్‌లో ఆ "పట్టి చూడండి" అన్నది "గూషూనీ". తడమటమే, అదే కుటుంబం మాట! మోసంగా తడమడానికి వచ్చినవాళ్ళకీ, నమ్మకం కుదరక వణుకుతున్న స్నేహితులు చెయ్యి చాపి తాకడానికీ ఒక్క మాటే సరిపోయింది, ఎందుకంటే ఆ భాషలో తెలుసుకోవడం అంటే ముందు తాకడమే. "గూషూనీ వ దఊ", నన్ను తాకి తెలుసుకోండి. ఈ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి చదివిన రోజు నేను చాలాసేపు వేరే పని చెయ్యలేకపోయాను.

హెబ్రీలో కూడా ఈ ధాతువు ఉంది, యెషయా 59వ అధ్యాయంలో గుడ్డివాళ్ళలా గోడ కోసం తడుముకుంటున్నాం అనే చోట. కానీ గూఢచారికి హెబ్రీ వాళ్ళు ఈ మాట వాడలేదు. వాళ్ళ మాట మెరగ్గేల్, పాదం అనే మాట నుంచి పుట్టింది, కాళ్ళరిగేలా తిరిగి చూసొచ్చేవాడు.

మీరు ఆదికాండం 42వ అధ్యాయం 9వ వచనం పిల్లలకి చెప్పేటప్పుడు ఇది చేసి చూడండి. కరువు రోజుల్లో ధాన్యం కొనడానికి ఐగుప్తుకి వచ్చిన అన్నల్ని యోసేపు గుర్తుపట్టి కూడా తెలియనట్టు నటిస్తూ మీరు వేగులవాళ్ళు అని నిలదీస్తాడు. ఆ ఒక్క మాటా హెబ్రీలో మెరగ్గేల్, కాలు. గ్రీకు అనువాదంలో కతాస్కోపోస్, అందులో ఉన్నది చూపు, టెలిస్కోప్‌లో ఉన్న స్కోప్ అదే. సిరియాక్‌లో గాషోషా, చెయ్యి. ఒకే యోసేపు, ఒకే కోపం, ఒకళ్ళు కాలితో ఒకళ్ళు కంటితో ఒకళ్ళు చేత్తో చెప్పుకున్నారు.

ఇంకో మాట కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పవుతుంది. యూదులు తమ బైబిల్‌ని అరామిక్‌లో చెప్పుకున్న తర్జుములు ఉన్నాయి, అందులో ఒంకెలోస్ తర్జుములో ఇదే చోట గాషోషే ఉండదు, "అల్లీలే" అని ఉంటుంది. అంటే అరామిక్‌లో గూఢచారికి ఒకే మాట ఉందనుకోకండి, క్రైస్తవుల సిరియాక్ ఒక దారిలో వెళ్ళింది, యూదుల తర్జుము ఇంకో దారిలో వెళ్ళింది. అలాగే సంఖ్యాకాండం 13లో మోషే పన్నెండుమందిని కనానుకి పంపేటప్పుడు హెబ్రీలో మెరగ్గేల్ కాకుండా "తూర్" అనే వేరే క్రియ ఉంది, తిరిగి చూసి రావడం అని, ఈనాటి హెబ్రీలో టూరిస్టుకి వాడే తయ్యార్ అన్న మాట దాంట్లోంచే వచ్చింది. ఇంగ్లీష్ టూర్‌కీ దీనికీ సంబంధం లేదు, ఆ రెండూ ఊరికే కలిసొచ్చాయి, దయచేసి వాట్సాప్‌లో పంపకండి.

ప్రశ్న: పాత పర్షియా రాజుల గూఢచారుల్ని "చెవులు" అనేవాళ్ళని, అరామిక్ కాగితాల్లో వాళ్ళ పేరు గౌషక అని ఉందని చదివాను. గౌషక, గాషోషా వినడానికి ఒకేలా ఉన్నాయి. అంటే జాసూస్ అసలు అర్థం చెవి అన్నమాట, చెయ్యి కాదు. మీరు పొరపాటు పడ్డారేమో చూడండి. (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరం చూసి నిజంగా సంతోషం వేసింది, ఎందుకంటే గౌషక గురించి ఎవరైనా అడుగుతారా అని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. కానీ ఆ రెండూ ఒకటి కావు. గాషోషా అరామిక్ వాళ్ళ సొంత బిడ్డ, గౌషక పెంపుడు బిడ్డ. పాత ఇరానీ భాషల్లో గౌష అంటే చెవి, ఈనాటి ఫారసీలో అదే గూష్. "దీవార్ మూష్ దారద్, మూష్ హమ్ గూష్ దారద్" అని వాళ్ళ సామెత, గోడకి ఎలుకలుంటాయి, ఎలుకలకి చెవులుంటాయి అని. మనం ఎలుకల్ని మధ్యలో పెట్టకుండా గోడలకి చెవులుంటాయి అనేశాం. ఆ గౌషకి -క చేరిస్తే గౌషక, వినేవాడు. పర్షియా సామ్రాజ్యం ఆఫీసు పనంతా అరామిక్‌లో నడిచేది, ఈజిప్టు నుంచి మన వాయవ్యం దాకా, అందుకని ఆఫీసు మాటలు ఫారసీ నుంచి అరామిక్‌లోకి దిగిపోయాయి, మన రెవెన్యూ తెలుగులోకి తాసీల్దారు, జమాబందీ దిగినట్టే. పర్షియా రాజుకి కళ్ళూ చెవులూ అనే మనుషులుంటారని గ్రీకు రచయిత జెనోఫోన్ కూడా రాశాడు, రాజే స్వయంగా వింటున్నట్టు జనం జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళట.

ఇప్పుడు ఆ కాగితం సంగతి, ఎందుకంటే మాట కంటే అది దొరికిన చోటే నాకు ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. ఈజిప్టు దక్షిణాన ఇప్పటి అస్వాన్ దగ్గర నైలు నది మధ్యలో ఎలిఫెంటైన్ అనే దీవి ఉంది. పర్షియా వాళ్ళ కింద కాపలా పని చేసే యూదు సైనికులు తమ కుటుంబాలతో అక్కడ ఉండేవాళ్ళు, వాళ్ళకి అక్కడ ఒక గుడి కూడా ఉండేది. పక్కనే గొర్రెతల దేవుడు ఖ్నూమ్ గుడి. ఇద్దరికీ పడలేదు. క్రీస్తుపూర్వం 410లో, రెండో దారియస్ పాలనలో 14వ ఏట, ఖ్నూమ్ పూజారులు అక్కడి అధికారి విద్రంగతో చేతులు కలిపారు, కోట మధ్యలో గోడ కట్టేశారు, సైన్యం నీళ్ళు తాగే బావి ఉంటే దాన్ని పూడ్చేశారు, యూదుల గుడినీ పడగొట్టారు. ఆ బాధితులు పైఅధికారికి రాసుకున్న అర్జీ ముక్క ఒకటి దొరికింది, ఇప్పుడు ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది. అందులో వాళ్ళు అడిగేదేంటంటే, ఈ రాష్ట్రంలో నియమించిన న్యాయాధికారుల్నీ పోలీసుల్నీ గౌషకుల్నీ పిలిచి విచారించండి, మేం చెప్పింది చెప్పినట్టు నిజమని మీకే తెలుస్తుంది అని.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. గూఢచారి అంటే మనకి భయం, అసహ్యం, ఎవడో ఉప్పందించాడంటే ఊరంతా వాడిని వెలివేస్తుంది. ఇక్కడేమో గుడి పోగొట్టుకుని బావి పోగొట్టుకుని దిక్కులేకుండా ఉన్నవాళ్ళు రాజుగారి చెవుల్నే సాక్షులుగా పిలుచుకుంటున్నారు, వాళ్ళు విన్నారు, వాళ్ళని అడగండి అని. ఆ అర్జీలో ఈ పదం చాటుమాటు మాట కానే కాదు, పోలీసు పక్కన రాసే మామూలు ఉద్యోగం పేరు. గూఢచారికి ఉన్న పాత పేర్లన్నిట్లో ఇంత ఆశతో పలికిన పేరు నాకు ఇంకోటి కనపడలేదు.

మీకు ఇంకో సంగతి. ఇరానీ గౌషకి మన సంస్కృతంలో సొంత తోబుట్టువు ఎవరో తెలుసా, ఘోష. అవును, ఘోష పెట్టడం, సముద్ర ఘోష, అదే. మూలం ఒకటే, వినిపించడం చుట్టూ ఉన్న మాట. మనవైపు వచ్చింది వినిపించే శబ్దం అయింది, వాళ్ళవైపు వెళ్ళింది వినే చెవి అయింది. "మా ఘోష ఎవరు వింటారు" అని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు అంటుంటారు, ఎలిఫెంటైన్ వాళ్ళు తమ ఘోషని గౌషకుల దగ్గరకే తీసుకెళ్ళారు.

గౌషక అర్మేనియాకి కూడా వెళ్ళింది, అక్కడ గుషక్ అంటే మొదట చాడీలు చేరవేసేవాడు, ఇప్పుడేమో జోస్యం చెప్పేవాడు. ఇక మన దగ్గర రెవెన్యూ రికార్డుల్లో పనిచేసినవాళ్ళకి గోష్వారా తెలుసు, లెక్కల మొత్తం సారాంశం రాసే పట్టీ. అది ఫారసీ గోష్‌వారా, అసలు అర్థం చెవికి పెట్టుకునే లోలాకు. అంటే పర్షియా గూఢచారిలో ఉన్న చెవే తెలంగాణ, ఆంధ్ర తాలూకా ఆఫీసుల రికార్డుల్లో కూడా ఉంది, ఇన్నేళ్ళు ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

ప్రశ్న: వేగు అంటే వేగంగా వెళ్ళి వార్త తెచ్చేవాడు అనే కదా? (ఒంగోలు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కాదు, వేగంతో దీనికి పని లేదు. వేగం సంస్కృతం, వేగు మన ద్రావిడ మాట. తమిళంలో వేవు, ఇప్పటికీ నిఘా పెట్టడాన్ని వేవు పార్త్తల్ అంటారు. కన్నడలో బేహు, గూఢచారి బేహుగార. మన వ కన్నడలో బ అవుతుంది కదా, వేట బేటె, వేరు బేరు, అలాగే. వేగుచుక్కలో ఉన్న వేగు తెల్లవారడం, పోపులో వేగేది ఇంకోటి, ఇవన్నీ పేరు కలిసిన వేరే మాటలు. తెలుగు బైబిల్ వాళ్ళు గూఢచారి అనే సంస్కృతం పట్టుకోకుండా వేగులవాడు అని పెట్టడం నాకు చాలా నచ్చుతుంది, రోజూ చదివే పుస్తకంలో ఉండబట్టే ఆ మాట ఇంకా జనం నోట్లో బతికుంది, లేకపోతే ఈపాటికి ఎప్పుడో పోయేది.

ప్రశ్న: జాసూసీ చెయ్యొద్దని ఖురాన్‌లో ఉందని మా నాన్న చెప్తారు. ఇదే మాటా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇదే ధాతువు అమ్మా. 49వ సూరా, అల్ హుజురాత్, 12వ ఆయత్. అనుమానాలు పెట్టుకోవద్దు, ఒకళ్ళ గుట్టు ఒకళ్ళు కూపీ లాగొద్దు, వెనకాల చాడీలు చెప్పొద్దు అని వరసగా వస్తుంది, మధ్యలో ఉన్నది "వ లా తజస్ససూ". జ-స-స నుంచే. ఇక్కడ రాజుల గూఢచారుల గురించి కాదు, ఇరుగుపొరుగు గురించి, మనిషి పరువు గురించి, వరంగల్ పాఠకుడి వీధిలో వాడే అర్థానికి దగ్గరగా.

దీనికి జంట ఒకటి ఉంది, అది మీ నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు. 12వ సూరా యూసుఫ్‌లో 87వ ఆయత్. ముసలి తండ్రి యాకూబ్ కొడుకుల్ని పిలిచి, వెళ్ళండి నాయనా, యూసుఫ్ గురించీ వాడి తమ్ముడి గురించీ జాడ తెలుసుకోండి, దేవుడి కరుణ మీద ఆశ వదులుకోకండి అంటాడు. అక్కడ "తహస్ససూ" అని ఉంటుంది, జ కి బదులు గొంతులోంచి వచ్చే హ. ఒక్క అక్షరం తేడా. వ్యాఖ్యానాలు రాసిన పెద్దలు చాలామంది ఈ రెంటినీ విడదీసి చెప్పారు, తహస్సుస్ మంచికోసం వెతకడం, తజస్సుస్ లోపాలకోసం తవ్వడం అని. విచిత్రం చూడండి, పైన యోసేపు అన్నల్ని వేగులవాళ్ళు అని నిలదీశాడని చెప్పుకున్నామే, అదే కుటుంబం కథ ఇది. బైబిల్లో వాళ్ళ మీద పడింది గూఢచర్యం నింద, ఖురాన్‌లో వాళ్ళకి తండ్రి అప్పజెప్పింది తమ్ముడి జాడ వెతికే పని.

ప్రశ్న: మా కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి కదా, వాటిలో గూఢచారులకి ఏమన్నా మాట ఉందా? అరామిక్‌తో అశోకుడికి సంబంధం ఏమైనా ఉందా? అలాగే ఇంగ్లీష్ స్పై ఎక్కడిది? (కర్నూలు నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: గుత్తి దగ్గర ఆ బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి మాస్టారూ, వాటిలో ఆరోది చూడండి. నేను భోజనం చేస్తున్నా సరే, అంతఃపురంలో ఉన్నా సరే, తోటలో ఉన్నా సరే, ఎక్కడున్నా ఏ వేళైనా ప్రజల పనులు నాకు తెలియజెయ్యాలి అని పటివేదకులకి ఆజ్ఞ. పటివేదక అంటే తెలియజేసేవాడు, నివేదించేవాడు. వీళ్ళని గూఢచారులనే వాళ్ళూ ఉన్నారు, రిపోర్టర్లు అనే వాళ్ళూ ఉన్నారు. నేనైతే గౌషకుల పక్కన కూర్చోబెడతాను, జనం సంగతి రాజు చెవిన వేసే మనుషులు, చాటుగా తడిమే గాషోషాలు కాదు.

ఇక అరామిక్ సంబంధం, ఉంది, గట్టిగానే ఉంది. ఎర్రగుడిలో ప్రాకృతంలో చెక్కించిన ఆ రాజే ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్‌లో కాందహార్ దగ్గర గ్రీకులోనూ అరామిక్‌లోనూ చెక్కించాడు, ఆ రెండు భాషల శాసనం 1958లో బయటపడింది. తక్షశిల దగ్గర కూడా అరామిక్ ముక్క దొరికింది. పర్షియా సామ్రాజ్యం అలెగ్జాండర్ చేతిలో పోయాక కూడా ఆ వైపు జనం అరామిక్ చదివేవాళ్ళు కాబట్టి వాళ్ళకి వాళ్ళ భాషలోనే రాయించాడు. మీ పిల్లల్ని ఎర్రగుడి తీసుకెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పండి, ఈ బండ మీద మాట్లాడిన మనిషే అంత దూరాన అరామిక్‌లో కూడా మాట్లాడాడని.

స్పై గురించి తొందరగా చెప్పేస్తాను. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చింది, మూలం చూడటం అనే పాత ధాతువు. వేద సంస్కృతంలో దాని చుట్టం స్పశ, ఋగ్వేదంలో వరుణుడి చుట్టూ కూర్చునే గూఢచారుల్ని స్పశులు అంటారు. మాఘుడు శిశుపాలవధలో స్పశులు లేని రాజనీతి పస్పశ లేని వ్యాకరణంలాగా రాణించదు అని శ్లేష కట్టాడు, పస్పశ అంటే పతంజలి మహాభాష్యంలో మొదటి ఆహ్నికం, అంటే మొదటి పాఠం పేరు, "అపస్పశా" అన్న ఒక్క మాటని ఎలా విడగొడితే అలా అర్థం వస్తుంది. సంస్కృతం వచ్చినవాళ్ళ దగ్గర ఆ శ్లోకం చదివించుకోండి, రెండో సర్గలో ఉంది. మన చారుడిలో ఉన్నది మాత్రం నడక, హెబ్రీ వాళ్ళలాగే.

ప్రశ్న: ఇప్పుడు ఈ గాషోషా ఎవరైనా మాట్లాడతారా, చచ్చిపోయిన మాటేనా? పలకడం ఎలా? నేను ఉద్యోగరీత్యా కొట్టాయంలో ఉంటాను, ఇక్కడ సుర్యాని క్రైస్తవులు చాలామంది. (ఒక తెలుగు పాఠకుడు)

జవాబు: ధాతువు బాగానే బతికుంది. ఈనాటి హెబ్రీలో గష్షాష్ అంటే అడుగుజాడలు పట్టే మనిషి, వాళ్ళ సైన్యంలో ఆ పనికి ఎడారి తెలిసిన బెదూయిన్ యువకులు ఎక్కువగా ఉంటారు. అంతరిక్షంలోకి పంపే ప్రోబ్‌ని గషూషిత్ అంటారు. మనిషి చెయ్యి అందని చోటికి చాపిన చెయ్యి అన్నమాట, ఇంతకంటే మంచి పేరు ఎవరు పెట్టగలరు.

అరామిక్ కూడా ఇంకా ఇళ్ళలో వినిపిస్తుంది, సిరియాలో మాలూలా అనే కొండ ఊళ్ళో, టర్కీ ఆగ్నేయంలో తూర్ అబ్దీన్‌లో, ఇరాక్ అస్సీరియన్ల దగ్గర. యుద్ధాల వల్ల చాలామంది ఊళ్ళు వదిలి యూరప్, అమెరికా వెళ్ళిపోయారు, అది తలుచుకుంటే బాధేస్తుంది.

మీరు కొట్టాయంలో ఉన్నారు కాబట్టి అదృష్టవంతులు, సిరియాక్ తెలిసిన పెద్దవాళ్ళు అక్కడ దొరుకుతారు. ఏ చర్చికి వెళ్తున్నారో చూసుకోండి, ఎందుకంటే పలకడం రెండు రకాలు. తూర్పు పద్ధతిలో ఆ ని ఆ గానే పలుకుతారు, పడమటి పద్ధతిలో ఆ కాస్తా ఓ అవుతుంది, ఓ కాస్తా ఊ అవుతుంది. సీరో మలబార్ వాళ్ళది తూర్పు, వాళ్ళ దగ్గర శాంతి ష్లామా, దేవుడు అలాహా, మన మాట గాషోషా. యాకోబైట్, ఆర్థడాక్స్ వాళ్ళది పడమర, వాళ్ళ దగ్గర ష్లోమో, అలోహో, గోషూషో. హెబ్రీయులకి రాసిన పత్రిక 11వ అధ్యాయం 31వ వచనం సిరియాక్‌లో చదివి వినిపించమని అడగండి, రాహాబు వేగులవాళ్ళని ఇంట్లో చేర్చుకున్న చోటు, "గాషోషే బష్లామా" అని వస్తుంది, తెలుగులో "సమాధానముగా" అని ఉన్నది ఆ ష్లామానే. విని, వాళ్ళు ఎలా పలికారో నాకు రాయండి.